ఇరవై శాతం ఉంటే చాలు

మా చిన్న లాప్‌టాప్ ప్రాణం గోడలో ఉండేది. ప్లగ్గు పీకితే చాలు, చెబుతున్న మాట పూర్తికాకుండానే తెర నల్లబడిపోయేది. కింద మూలనున్న బ్యాటరీ బొమ్మ మీద బాణం పెడితే, సున్నా శాతం, ప్లగ్గు పెట్టే ఉంది గాని ఛార్జ్ కావడం లేదు అని ఇంగ్లీషులో ఎంతో మర్యాదగా చెప్పేది. అంత తెలిసినదానివి ఆ ఛార్జేదో చేసుకోవచ్చు కదా అని దాన్ని నేను చాలాసార్లు తిట్టాను. కొన్నప్పటినుంచీ అంతే కాబట్టి, లాప్‌టాప్ అంటే గోడకి కట్టేసి వాడుకునేదే కాబోలని సర్దుకున్నాం.

అప్పుడు మేం ఢిల్లీ పక్కన వైశాలిలో మూడో అంతస్తులో అద్దెకుండేవాళ్లం. మా ఆయనది నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నేను పెళ్లికి ముందు కాకినాడలో జూనియర్ కాలేజీ లెక్చరర్ని, పెళ్లయ్యాక ఏమీ కాను. రెండేళ్లపాటు మా బిల్డింగులో అందరికీ నేను సాఫ్ట్‌వేర్ భయ్యా గారి భార్యనే. ఆ పిలుపు విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. చివరికి ఢిల్లీలో ఒక అనువాదాల ఆఫీసువాళ్లు నా దరఖాస్తు చూసి పరీక్ష పెడతామన్నారు. గురువారం మధ్యాహ్నం ఒంటిగంటకి ఇంగ్లీషు పాఠం మెయిల్లో పంపుతారు. నాలుగింటిలోగా తెలుగు చేసి తిప్పి పంపాలి. ఒక్క నిమిషం దాటినా తీసుకోరు.

ఆ వేసవిలో మా కాలనీలో కరెంటు రెండింటికి పోయి నాలుగింటికి వచ్చేది. జనరేటరు ఉన్నా అది ఒక ఫ్యానుకీ ఒక లైటుకీ తప్ప ప్లగ్గులకి పనిచేసేది కాదు. ఇంటర్నెట్ షాపుల్లో తెలుగు టైపు చేసే దిక్కులేదు. నెట్‌కి డేటా కార్డు ఉంది, లాప్‌టాప్‌లో తెలుగు ఉంది, లేనిదల్లా రెండు గంటల బ్యాటరీ. ఆ రెండు గంటలూ లేకపోతే నా ఉద్యోగం లేదు.

శనివారం పొద్దున్నే మా ఆయన రోగం కనిపెట్టారు.

"ఇది హార్డ్‌వేర్ ఇష్యూ కాదు, ఫర్మ్‌వేర్ ఇష్యూ. ఫర్మ్‌వేర్ అంటే మెషీన్ లోపల పుట్టుకతోనే రాసిపెట్టిన బుద్ధి అనుకో. దానికి బ్యాటరీని గుర్తుపట్టడం రావట్లేదు. కొత్త బుద్ధి ఎక్కించాలి."

"పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు కదండీ," అన్నాను.

ఆయన నవ్వలేదు. మధ్యాహ్నం దాకా కూర్చుని ఆ కొత్త బుద్ధిని నెట్‌లోంచి దింపారు. తీరా ఎక్కించబోతే తెర మీద ఎర్రటి డబ్బా ఒకటి వచ్చింది. బ్యాటరీ కనీసం ఇరవై శాతం ఉండాలి, దయచేసి ఛార్జ్ చేసుకుని రండి అని దాని సారాంశం. ఛార్జ్ కావాలంటే ఫర్మ్‌వేర్ ఎక్కాలి, ఫర్మ్‌వేర్ ఎక్కాలంటే ఛార్జ్ ఉండాలి. పిచ్చి కుదిరితే గాని పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గాని పిచ్చి కుదరదు అన్న సామెతని ఇంగ్లీషులో చదవడం నాకదే మొదటిసారి.

కంపెనీవాళ్లకి ఫోన్ చేస్తే ఒకమ్మాయి అంతా ఓపిగ్గా విని, "సర్, ముందు బ్యాటరీ ఫుల్ ఛార్జ్ చేసుకుని కాల్ చేయండి," అంది హిందీలో. మా ఆయన థాంక్యూ చెప్పి పెట్టేశారు. ఎందుకు చెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆదివారం ఢిల్లీలో జనక్‌పురి వెళ్లాం. అక్కడ మా ఆయన బాబాయిగారు, అంటే నాకు చినమావయ్యగారు, ఉండేవారు. కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరు. ఆయన దగ్గరా సరిగ్గా అదే లాప్‌టాప్ ఉంది. రెండు తీసుకుంటే సంచీలు ఉచితమని షాపువాడంటే, బాబాయీ అబ్బాయీ కలిసి దసరాకి జంటగా కొన్నారు. చినమావయ్యగారు దాని మూత మీది ప్లాస్టిక్ కాగితం కూడా ఒలవలేదు. దానిమీద పేకాట ఆడుకునేవారు, అదీ ప్లగ్గు దగ్గర కూర్చునే. ఆయన బ్యాటరీ మాదాంట్లో పెట్టి, ఆ ఛార్జితో ఫర్మ్‌వేర్ ఎక్కించేద్దామని మా ఆయన ఆలోచన.

"ఠీక్ హై. కానీ ముందు ఒక నోట్ పెట్టాలిరా. ఏది ఎందులోంచి తీశామో రేపెవడికి గుర్తుంటుంది?" అన్నారు చినమావయ్యగారు.

తెల్లకాగితం తీసి, ఎడమపక్క మార్జిన్ మడిచి, విషయం, పరిశీలన, ప్రతిపాదన అని మూడు పేరాలు రాశారు. కింద సంతకం చేశారు. తరవాత కళ్లజోడు సర్దుకుని ఆ నోటు మొదటినుంచీ చదివి, తనే ఆమోదించి, మళ్లీ సంతకం చేశారు. అప్పుడు గాని బ్యాటరీ చేతికి రాలేదు.

పెట్టి చూస్తే ఆ బ్యాటరీదీ అదే పాట. సున్నా శాతం, ఛార్జ్ కావడం లేదు. మాది తీసి వాళ్లదాంట్లో పెడితే అక్కడా అంతే. మా ఆయన మొహం వెలిగిపోయింది.

"చూశావా బాబాయ్, రెండూ ఒకేలా ఫెయిలయ్యాయంటే ఇది కచ్చితంగా ఫర్మ్‌వేరే."

"అచ్ఛా. అయితే కంపెనీకి రాయాల్సిందే," అని చినమావయ్యగారు ఇంకో కాగితం తీశారు. మొదటి ఉత్తరానికి ఎవరూ జవాబివ్వరని ఆయన సర్వీసులో నేర్చుకున్నారట. అందుకని ఉత్తరంతోపాటే రిమైండరు కూడా రాయడం మొదలుపెట్టారు.

నాకు ఏడుపొచ్చింది. గురువారం పరీక్ష నాది, ఉత్సాహం వాళ్లది. రెండు బ్యాటరీలూ తీసుకుని బాల్కనీలోకి పోయాను. విసిరేద్దామనే అనుకున్నాను. ఎండలో తిప్పి చూస్తే, అంచున వరసగా ఉన్న సన్నటి గాళ్లలో రాగిరేకులు కనబడలేదు. పసుపుపచ్చగా ఏదో గట్టిపడి ఉంది. గోటితో గీకి వాసన చూశాను. గంధం.

దసరాకి ఆయుధ పూజ ఈ ఇంట్లోనే చేశాం. స్కూటరు, మిక్సీ, స్క్రూడ్రైవర్లతోపాటు ఈ రెండు లాప్‌టాప్‌లూ పీట మీద కూర్చున్నాయి. శక్తంతా బ్యాటరీదే, దానికి విడిగా బొట్టు పెట్టాలని వాటిని ఊడదీసి ఇచ్చింది మా ఆయన. బొట్టు పెట్టింది నేను. నున్నటి ప్లాస్టిక్ మీద గంధం నిలవక జారిపోతుంటే, నిలిచే చోటు వెతికి, అగరొత్తి పుల్లతో ఒక్కో గాడిలోకీ శ్రద్ధగా కూరాను. బాగా కుదిరిందని మురిసిపోయాను కూడా. ఆర్నెల్లుగా తిట్టిన తిట్లన్నీ ఎవరికి తగలాలో అప్పుడు తెలిసింది. సిగ్గేసింది.

చినఅత్తయ్యగారు వచ్చి, "ఏం చేస్తున్నావమ్మాయ్?" అన్నారు. చెవిలో చెప్పాను. ఆవిడ లోపలికెళ్లి పాత టూత్‌బ్రష్షూ ఒక తమలపాకూ తెచ్చారు.

"రాలిందంతా ఆకులో పట్టు. దేవుడి గంధం, తొక్కకూడదు."

గాళ్లన్నీ బ్రష్షుతో తోమి, రాలిన పొడిని తులసి కుండీలో కలిపాం. ఆ గాళ్లలోకి దిగే లాప్‌టాప్‌ల పళ్లు కూడా తుడిచాం.

"మావయ్యగారికి చెప్పొద్దా?" అన్నాను.

"ఇప్పుడు వద్దు. రిమైండరు సగంలో ఉంది," అన్నారావిడ.

బ్యాటరీ పెట్టగానే నారింజరంగు దీపం వెలిగింది. రెండు శాతం, ఐదు శాతం, తొమ్మిది. బ్యాటరీలు అటూ ఇటూ మార్చడం వల్ల రీసెట్ అయిందని మా ఆయన తేల్చేశారు. ఇరవై దాటగానే పెన్‌డ్రైవ్ పట్టుకుని లేచారు.

"ఇప్పుడు ఫర్మ్‌వేర్ ఎక్కించేస్తా. ఛార్జింగ్ ప్రాబ్లమ్ పర్మనెంట్‌గా పోతుంది."

"ఛార్జవుతోంది కదండీ."

"అవుతోంది, కానీ ఫర్మ్‌వేర్ లేకుండా అవుతోంది."

"గురువారం దాటేదాకా దాన్ని ముట్టుకున్నారంటే నేను ఊరుకోను," అన్నాను. నా గొంతు విని చినమావయ్యగారు కూడా రాయడం ఆపారు.

గురువారం ఒంటిగంటకి పాఠం వచ్చింది. ఛార్జింగ్ చేసుకుని వాడే ఎమర్జెన్సీ లైటు వాడకం గురించిన కరపత్రం. రెండింటికి కరెంటు పోయింది. తెర కొంచెం మసకబారింది గాని ఆరలేదు. ఆ క్షణాన ఆ బుల్లి లాప్‌టాప్ మీద నాకు ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను. ఫ్యాను కింద చెమటలు కక్కుతూ టైపు చేశాను. బ్యాటరీ తగిలే రేకులు పొడిగా, శుభ్రంగా ఉంచుకోవాలి అన్న వాక్యం దగ్గర చెయ్యి ఆగింది. దాన్ని తెలుగు చేశాక, పక్కన ఇంకో వాక్యం రాశాను. నాలుగింటికి ఇంకా పావుగంట ఉందనగా పంపేశాను.

వారం తరవాత ఆ ఆఫీసులో తెలుగు విభాగం చూసే ఆవిడ ఫోన్ చేశారు. గొంతు కటువుగా ఉంది.

"మూలంలో లేని వాక్యం ఒకటి రాశారు. 'పూజ చేసేటప్పుడు ఈ రేకులకు గంధం, కుంకుమ పెట్టరాదు' అని. ఏంటిది?"

ఉద్యోగం పోయిందనుకున్నాను. అబద్ధం కూడా తోచలేదు.

"తెలుగువాళ్లు చదువుతారు కదండీ. అవసరమనిపించింది," అన్నాను.

అవతల ఆవిడ ఆ వాక్యం గొణుక్కుంటూ మళ్లీ చదువుకున్నారు.

"గంధం పెడితే ఛార్జవదా?" అన్నారావిడ చివరికి. ఈసారి గొంతు చిన్నదైంది.

"అవదండీ."

"మరి, పోవాలంటే దేంతో తోమాలి?"

"పాత టూత్‌బ్రష్‌తో."

ఆవిడ రాసుకుంటున్నట్టు కలం చప్పుడు వినబడింది. తరవాత, సోమవారం నుంచి పనిలో చేరగలరా అని అడిగారు.