భానుశ్రీ ల్యాప్‌టాప్‌కు కొత్త కార్డు

తిరుపతిలో ల్యాప్‌టాప్‌లు బాగుచేసే మునిరత్నం, ఎవరేం తెచ్చినా "తప్పు దీంట్లోనే ఉండాది" అంటూ స్క్రూలు విప్పేవాడు. ఆ తప్పు పట్టుకునేదాకా అన్నం కూడా ముట్టడు.

కాలేజీలో చదివే కూతురు భానుశ్రీకి కార్ల రేసు ఆటంటే ప్రాణం. ఆర్నెల్లుగా ఒకటే గోల. "బొమ్మ మసగ్గా ఉండాది నాయనా, మలుపులే కనపడ్డంల్యా." పాత ల్యాప్‌టాప్ కదా, బొమ్మ అతనికీ అంత తేటగా లేదు; గ్రాఫిక్స్ కార్డు దెబ్బతిందనుకున్నాడు. ఆ పిల్ల రెండుసార్లు గడప తట్టుకుని పడితే, కళ్లు నెత్తికెక్కాయని తిట్టాడు కూడా.

ఆ పాత మోడల్లో పట్టే కార్డు దొరకడం గగనం. మూడుసార్లు మద్రాసు పోయి, అంతకన్నా మంచిదే వెతికి తెచ్చాడు. ఆదివారం మధ్యాహ్నం అడుగుమూత విప్పి, కొత్తది బిగించి, ఆన్ చేశాడు. రోడ్డు మీది వానచుక్కలు, ముందుపోయే కారు నంబరు, అన్నీ అద్దంలో చూసినట్టు తేటగా ఉన్నాయి.

"సూడమ్మా!" అన్నాడు సంబరంగా.

భానుశ్రీ తెరకు జానెడు దూరంలో ముఖం పెట్టి ఆడింది. కారు గోడను గుద్దింది. మళ్లీ గుద్దింది.

"ఇదీ అట్లే ఉండాది నాయనా. ఇంకా మసకే."

మునిరత్నం తెర వంక చూశాడు. తర్వాత పిల్ల కళ్లలోకి చూశాడు. తిట్టిన తిట్టు గుర్తొచ్చింది.

"అవునమ్మా, నాకు పాడు కార్డు అంటగట్టినారు" అని స్క్రూలు విప్పసాగాడు. బాగా పనిచేస్తున్న వస్తువును విప్పడం అతనికి అదే మొదటిసారి.