వదిన వినని ఆల్బమ్

మా వదిన పోయింది. డయాలసిస్‌కు వెళ్ళాల్సిన రోజు పొద్దున్నే జడ వేసుకుంటూ మంచం మీద పక్కకు ఒరిగిపోయిందట. నౌబాద్ నుంచి వాళ్ళమ్మ, మా అత్తమ్మ, ఫోన్ చేసినప్పుడు నేను మన్నాఏఖేళ్ళి బస్సులో ఉన్నాను. ఆమె ఏడవలేదు. సంగతి చెప్పి, ఇంటికి రమ్మని పెట్టేసింది.

వదిన అంటే మా మామ కూతురు, నాకంటే పెద్దది. ఒక చిన్న కంపెనీలో లెక్కలు చూసేది. కిడ్నీలు చెడ్డాక ఆ పని మానేసింది. మానని పని ఒకటుంది. మెటల్‌కోర్ వాయించే కుర్ర బ్యాండ్ల కొత్త ఆల్బమ్‌లు విని, వాటి బాగోగులు తన ఇంటర్నెట్ పేజీలో రాయడం. గిటార్లు చెవులు చిల్లులు పడేలా మోగుతుంటే గొంతు చించుకుని అరుస్తూ, మధ్యలో ఉన్నట్టుండి తీయగా పాడే సంగీతం అది. బీదర్ మొత్తంలో దాన్ని వినేది మనిద్దరమే అని నేను గొప్పగా అనేవాణ్ణి.

"నువ్వెక్కడ ఇంటున్నవ్ రా, నాకు భయపడి కూసుంటున్నవ్" అనేది.

ఆస్పత్రిలో మిషన్ పక్కన కదలకుండా పడుకోవాల్సిన గంటలే ఆమెకు ఆఫీసు. ఒక చేతికి సూదులు, ఇంకో చేతిలో ఫోన్. మొదట కళ్ళు మూసుకుని తానొక్కతే వినేది. తర్వాత ఒక ఇయర్‌ఫోన్ నా చెవిలో పెట్టి నా మొహం చూసేది. అక్కడి నర్సు "ఇవత్తు యారు కూగ్తారక్కా" అని కన్నడంలో అడిగేది, ఇవాళ అరిచేదెవరని. వదిన ఆ బ్యాండ్ ఊరి పేరు చెప్పేది. షిల్లాంగ్ అంటే నర్సుకు మహా ముచ్చట.

మార్కులు వేయడం ఆమెకు గిట్టదు. "పిల్లగాడు కోపం తెచ్చుకుంటుండా, నిజంగనే కోపమొచ్చిందా, ముందుగాల అది చూడు" అనేది. ఒకసారి నేనొక బ్యాండ్‌ను ఆకాశానికెత్తేశాను. పాట నెమ్మదించి ఒక్కసారిగా బరువెక్కే చోటును బ్రేక్‌డౌన్ అంటారు. ఆ కుర్రాళ్ళు ప్రతి పాటలోనూ ఒకే అచ్చు పోసినట్టు దాన్ని పెట్టారని చూపించి నా గాలి తీసేసింది. తీరా రాసేటప్పుడు మాత్రం వాళ్ళ డ్రమ్స్ అమ్మాయిని మెచ్చుకుంటూ మొదలుపెట్టింది. ఎందుకని అడిగాను. "తప్పు చెప్పాలె. గని ఇంకో ఆల్బమ్ చెయ్యబుద్ధయ్యెటట్టు చెప్పాలె" అంది. గొంతు బొంగురుపోయిన పాటగాళ్ళకు చివర్లో తప్పకుండా ఒక మాట రాసేది, నీళ్ళు బాగా తాగమని. తానేమో గ్లాసులో కొలుచుకుని తాగాల్సిన మనిషి. వినడం నాకు నేర్పింది ఆమే. ఆ సంగతి ఆమెతో అనలేదు గానీ ఆమెకు తెలుసనే అనుకుంటాను.

ఆమె పోవడానికి ముందు రోజు కలబుర్గి కుర్రాళ్ళు నలుగురు తమ మొదటి ఆల్బమ్ పంపారు. ఇంట్లోవాళ్ళు ఇక చాలించమంటున్నారట. మాలో పస ఉందో లేదో మీరు చెప్పండక్కా, లేదంటే గిటార్లు అమ్మేస్తామని రాశారు. రేపు మిషన్ మీద వింటానని వదిన జవాబిచ్చింది. తెల్లారి ఆమె ఫోన్ నా చేతికొచ్చేసరికి, విన్నారా అక్కా అని వాళ్ళ మెసేజ్ ఉంది. అక్క లేదని రాయడానికి నాకు చెయ్యి రాలేదు. నేనే విని ఏదో ఒకటి చెప్పాలనుకున్నాను.

అయితే చావు జరిగిన ఇంట్లో దినాలు అయ్యేదాకా మావాళ్ళు పాట విననివ్వరు. టీవీ మీద కూడా దుప్పటి కప్పేశారు. మూడో నాడు నేను ఫోన్ తీస్తుంటే, సంతపూర్ నుంచి వచ్చిన మా పెద్దమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. అత్తమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. అప్పటికీ ఆమె కంట చుక్క రాలేదు. దుఃఖం గుండెలో గడ్డకడుతుందని అందరికీ భయం. ఎలాగైనా ఏడిపించాలని వదిన చిన్ననాటి ముచ్చట్లు ఒకరి తర్వాత ఒకరు చెబుతున్నారు. ఆమె వింటోంది, అంతే.

ఏం పెట్టబోయావని అత్తమ్మ అడిగింది. చెప్పాను.

"ఇది పాట కాదని నేను ఎన్నేండ్ల సంది మొత్తుకుంటున్న. పాట కానప్పుడు తప్పేముంది? పెద్దగ పెట్టు, నేను గూడ ఇంట."

వదిన గదిలోని చిన్న స్పీకర్ తెచ్చి పెట్టాను. మొదటి రెండు పాటల్లో ఉన్నది తెచ్చిపెట్టుకున్న కోపమే. వదిన ఉంటే మూతి విరిచేది. మూడో పాటలో వాయిద్యాలన్నీ ఆగిపోయి కుర్రాడి గొంతు ఒక్కటే మిగిలింది. అందులో మాటలు లేవు. ఊపిరి అయిపోయేదాకా అరిచాడు.

అత్తమ్మ స్పీకర్ వైపు వంగింది. "ఈ పిల్లగానికి ఎవలు పోయిండ్రు బిడ్డా?"

తెలియదన్నాను. మళ్ళీ పెట్టమంది. ఈసారి ఆ అరుపు లేచేసరికి అత్తమ్మ స్పీకర్‌ను ఒళ్ళోకి లాక్కుంది. నోరు తెరిచి, ఆ కుర్రాడితో పాటు అరిచింది. వీధిలో పోయేవాళ్ళు ఆగి గుమ్మంలోకి చూశారు.

గిటార్లు అమ్మొద్దని ఆ పిల్లలకు అక్కడే కూర్చుని రాశాను. అక్షరాలు సరిగా కనబడలేదు. పాట అయిపోతుంటే, అత్తమ్మ వీపు నిమురుతూ పెద్దమ్మే నా వైపు తిరిగి, మళ్ళీ పెట్టమని సైగ చేసింది.