దేశం జరగకుండా కాపలా

టాటానగర్‌లోని భాలుబాసా పేటలో ఉండే తవిటయ్య అక్కడి రైల్వేలో ముప్ఫై నాలుగేళ్లు కీమేన్‌గా చేశాడు. రైళ్ల తోపుకి పట్టాలు వేలెడు వేలెడుగా ముందుకి జరుగుతాయి. లైను పక్కన పాతిన గుంజతో సరిచూసి ఆ జరుగుడు పట్టుకుని, పట్టాల్ని వెనక్కి లాగించడం ఆయన పని. పట్టాలకే బుద్ధి లేదనుకుంటే, రిటైరయ్యాక మనవరాలు వెన్నెల భూగోళం చదువుతూ అంతకు మించిన సంగతి చెప్పింది. మన దేశమే ఏటా ఐదు సెంటీమీటర్లు ఉత్తరానికి జరిగి ఆసియాని గుద్దుతోందట. హిమాలయాలు ఆ గుద్దుడికి లేచినవేనట.

"మరి ఎనక్కి లాగీవోడు లేడేటే?" అన్నాడు తవిటయ్య.

"కోయీ నహీ, తాతా."

మర్నాడే ఇంటికి ఇటో మేకు, అటో మేకు పాతి, దారం కట్టి, అది తగిలేచోట గోడ మీద సున్నంతో గుర్తు పెట్టాడు. ఏడాది పొడుగునా పొద్దున్నే కొలిచాడు. గుర్తు వెంట్రుకవాసి కదల్లేదు.

"పుస్తకం అబద్దమే! దేశం ఎక్కడిదక్కడే ఉన్నాది," అని ప్రకటించాడు.

వడియాలు పెడుతున్న భార్య సన్యాసమ్మ తలెత్తలేదు. "ఇల్లు జరిగితే నీ మేకులు జరగవేటయ్యా? అవీ ఈ దేశంలోనే పాతినావు గదా."

తవిటయ్య ఒక మేకు పీకి, సెలవు మీద నేపాల్ వెళ్తున్న పేట వాచ్‌మన్‌కి ఇచ్చి, ఆ హిమాలయాలన్నీ దాటాక అవతల పాతమన్నాడు.

వాచ్‌మన్ మేకుని తిప్పి చూసి, దారం మాటేమిటని అడిగాడు.

తవిటయ్య అప్పటికే సాక్చీ బజారు వైపు నడుస్తున్నాడు.