నాలుగో ప్రయోగం, పన్నెండు రొయ్యలు

మా కాలేజీ సంచికలో ఏటా ఒక నవ్వుల పేజీ ఉంటుంది. అధ్యాపకులు తాము చేసిన ఘనకార్యాలు రాస్తారు. ఫిజిక్స్ ఆయన రెండు కాళ్లకూ వేర్వేరు చెప్పులేసుకుని పరీక్ష హాలుకు వచ్చిన సంగతిని ఇప్పటికి రెండుసార్లు వేశారు. గేటు దగ్గర వాచ్‌మన్‌ను కూడా అడిగి రాయించారు. పదకొండేళ్లుగా ఇక్కడే కెమికల్ ఇంజనీరింగ్ చెబుతున్న నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. సంపాదకుణ్ణి క్యాంటీన్లో పట్టుకుని ఎందుకని అడిగితే, "మీరు సీరియస్ మనిషి గదా సార్" అని వడ తుంచుకున్నాడు. ఆ వడ నాకింకా గుర్తుంది.

అందుకని అడక్కుండానే రాసిస్తున్నాను. చెప్పుల కథ చదివి నవ్వినవాళ్లు కాస్త సర్దుకుని కూర్చోండి. ఇందులో ఒక బస్తా, పన్నెండు రొయ్యలు, దాదాపు ఊడిపోయిన ఒక పీహెచ్‌డీ ఉన్నాయి.

ఆరేళ్ల కిందటి మాట. నా పరిశోధన రొయ్యల గుంటల మీద. తినగా మిగిలిన మేత, రొయ్యల మలం అడుగున కుళ్లి అమోనియా పుడుతుంది. అది ముదిరితే పంట పోతుంది. నేను రైసు మిల్లు ఊక బూడిదతో ఒక పొడి తయారుచేశాను. ఆ పొడి నిండా కంటికి కనపడని గదులుంటాయి, లాడ్జిలో గదుల్లాగా. నీళ్లలోని అమోనియా వచ్చి ఆ గదుల్లో దిగిపోతుంది, నీళ్లు బాగుపడతాయి. ల్యాబులో నా లాడ్జి బ్రహ్మాండంగా నడిచింది. గ్రాఫులు చూసుకుని నేనే మురిసిపోయేవాణ్ణి.

మా శాఖాధిపతి గారే నా గైడు. ఆయన మురవలేదు. ల్యాబులో పనిచేసింది సరే, గుంట దగ్గర పనిచేసిందని చూపించమన్నాడు. గడువు మూడు నెలలే ఉందనీ, అది దాటితే రిజిస్ట్రేషన్ పోతుందనీ, డాక్టరేటు లేనివాళ్లను మేనేజ్‌మెంటు ఎన్నాళ్లు ఉంచుకుంటుందో తాను చెప్పలేననీ అన్నాడు. ఇదంతా కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పినాడు. మనిషి మొహం చూసి చెప్పి ఉంటే నేనింతగా గుర్తుపెట్టుకునేవాణ్ణి కాదు.

సరిగ్గా అప్పుడే కొలిమి చెడిపోయింది. కొత్త పొడి చేసే దారి లేదు. మిగిలింది ఒకే ఒక బస్తా. అది నెలరోజులు ప్రయోగాల్లో వాడిన పొడి.

"సార్, ఇది వాడిన బస్తా. ఇంకా కడగలేదు" అన్నాడు ల్యాబ్ టెక్నీషియన్ శామ్యూల్ గారు.

"లెక్క వేశానండీ. సగమే నిండింది. ఇంకో సగం గదులు ఖాళీగానే ఉన్నాయి."

"అది కాదు సార్, గుంట నీళ్లు..."

"శామ్యూల్ గారూ, బస్తా వ్యానులో పెట్టించండి."

ఆయన్ని మాట పూర్తి చేయనిస్తే ఈ వ్యాసమే ఉండేది కాదు. ఎందుకు చేయనివ్వలేదో కూడా చెప్పాలి. అంతకు మూడేళ్ల ముందు నేను క్లాసులో ఒక వాల్వు తిప్పబోతుంటే, ఆయన అందరి ముందూ "అది కాదు సార్, పక్కది" అన్నాడు. పిల్లలు నవ్వారు. ఆయన అన్నందుకు కాదు నాకు కోపం, ఆయన చెప్పిందే నిజమైనందుకు. నేను ఏ వాల్వు అయినా మర్చిపోతాను గానీ, అలాంటివి మర్చిపోను. కాబట్టి మనుబోలు దాటేదాకా మా మధ్య మాటల్లేవు. గూడూరులో టీ తాగేటప్పుడు ఆయన ఇంకోసారి నోరు తెరిచాడు. నేను టీ బాగుందన్నాను. టీ ఏమీ బాగాలేదు.

కోట దగ్గర ఉప్పుకాలువ పక్కన పెంచలయ్యకు రెండు రొయ్యల గుంటలున్నాయి. లోపలికి, తీపినీళ్లు పారే చోట ఎకరన్నర వరిపొలం కూడా ఉంది. మా విద్యార్థి ఒకరికి ఆయన మేనమామ. ఆ మొహమాటానికి ఒప్పుకున్నాడు. నా పొడి చేతిలోకి తీసుకుని నలిపి చూసి, "జియోలైటే గదా సారూ, మేం గుంటల్లో చల్లే పొడి. మందుల అంగట్లో దొరకతాదే" అన్నాడు.

ఐదేళ్ల పరిశోధన. మందుల అంగట్లో దొరకతాదట.

ఇది దానికన్నా ఎన్నో రెట్లు మేలైనదని అరగంట చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. విని, గుంటలో మాత్రం వేయనియ్యనన్నాడు. ఆ వైపు రైతులకు ఒక పద్ధతి ఉంది. కొత్త మందు ఏదైనా, దేవుడే తెచ్చిచ్చినా సరే, ముందు తొట్టిలో వేసి చూడాల్సిందే. సిమెంటు తొట్టిలో గుంట నీళ్లు పోయించి, వలతో పన్నెండు రొయ్యల్ని పట్టి అందులో వదిలాడు.

"ఇంత చిన్న తొట్టిలో ఫలితం ఏం తెలుస్తుంది?" అన్నాను, చిన్నబుచ్చుకుని.

"చచ్చేది చిన్న తొట్టిలోనైనా తెలస్తాది సారూ."

రైతుల దగ్గర నీళ్లలో అమోనియా చూసుకునే చిన్న కిట్టు ఒకటి ఉంటుంది. గొట్టంలో నీళ్లు పోసి చుక్కలు వేస్తే, పసుపు రంగు వచ్చిందంటే క్షేమం, ఆకుపచ్చ ముదిరే కొద్దీ ప్రమాదం. మొదట చూస్తే లేత ఆకుపచ్చ వచ్చింది. నేను యజ్ఞం చేసేవాడిలా మోకాళ్ల మీద కూర్చుని, దోసెళ్లతో పొడి వేశాను. ఫోటో తీయమని శామ్యూల్ గారికి సైగ చేశాను. ఆయన తీశాడు. ఆ ఫోటో ఇప్పటికీ ఆయన ఫోనులో ఉంది. అడిగినా తీసేయడు.

అరగంట తర్వాత మళ్లీ చూస్తే రంగు గోంగూరలా ఉంది.

"కిట్టు పాతదయ్యుంటుంది" అన్నాను.

పెంచలయ్య ఇంట్లోంచి కొత్త కిట్టు తెచ్చి, సీలు నా చేతే తీయించాడు. ఈసారి వచ్చిన రంగుకు గోంగూర కూడా చాలదు. అంతలో రొయ్యలు పైకి తేలి తొట్టి అంచుల వెంట పరుగులు పెట్టడం మొదలెట్టినాయి. పరీక్ష హాలు తలుపు మూసేస్తున్నారని తెలిసిన పిల్లల్లాగా. పెంచలయ్య వల ముంచి, వాటిని పక్కనున్న మంచి నీళ్ల... కాదు, మంచి ఉప్పునీళ్ల తొట్టిలోకి మార్చాడు. పది తేరుకున్నాయి. రెండు తేరుకోలేదు. ఆ రెండూ నన్నే చూస్తున్నట్టు పడి ఉన్నాయి.

పెంచలయ్య పాడైన తొట్టిలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. ఉమ్మేసి అడిగాడు.

"సారూ, ఇవి ఉప్పునీళ్లు. మీరు మీ ల్యాబులో ఏం నీళ్లతో చేసినారు?"

"డిస్టిల్డ్ వాటర్."

"అంటే బ్యాటరీల్లో పోస్తారే, ఆ నీళ్లా?"

"అవును."

"వాటిల్లో రొయ్యలు బతకతాయా?"

నేను చాలాసేపు సముద్రం వైపు చూశాను. అక్కణ్ణించి సముద్రం కనపడదు, అయినా చూశాను. అప్పుడు శామ్యూల్ గారు నా పక్కకు వచ్చి, ఎవరికీ వినపడకుండా చెప్పాడు.

"మూడో సంవత్సరం ల్యాబు సార్. నాలుగో ప్రయోగం."

నాలుగో ప్రయోగం ఏమిటంటే, వాడేసిన పొడిని మళ్లీ పనికొచ్చేలా చేయడం. అంటే, నిండిన లాడ్జిని ఖాళీ చేయడం. ఎలా చేస్తాం? ఉప్పునీళ్లు పోస్తాం. ఉప్పు పెళ్లివారిలా మూకుమ్మడిగా వచ్చి గదులన్నీ ఆక్రమిస్తుంది, అమోనియా పెట్టె బేడా సర్దుకుని బయటికొచ్చేస్తుంది. అప్పటికి ఐదేళ్లుగా ఈ సంగతిని పిల్లల చేత వల్లె వేయించి, రాయనివాళ్లకు మార్కులు కోసినవాణ్ణి నేనే. ఆ ల్యాబు మాన్యువల్ రాసింది కూడా నేనే. నెలరోజుల అమోనియాను బస్తాకెత్తుకుని, దాన్ని బయటికి రప్పించే నీళ్లను వెతుక్కుంటూ కోట దాకా వచ్చి, ఆ రొయ్యల మీదే వదిలాను.

తిరుగు ప్రయాణంలో పీహెచ్‌డీ అయిపోయిందనుకున్నాను. బస్తా కూడా అక్కడే వదిలేసి వచ్చాను. శామ్యూల్ గారు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. గూడూరులో మళ్లీ టీ ఇప్పించాడు. ఈసారి బాగుంది.

మూడు వారాలకు పెంచలయ్య ఫోను చేసినాడు.

"సారూ, మీ బస్తాలో ఉండేది అమోనియానే అన్నారు గదా. యూరియా చేసే పనీ అదే గదా అని నారుమడిలో ఒక మూలన చల్లినా. ఒకసారి వచ్చి చూడండి."

వెళ్లి చూశాం. మడి అంతా ఒక రంగు, ఆ మూల ఒక రంగు. ఎవరో అక్కడ మాత్రం ముదురాకుపచ్చ పట్టు పరిచినట్టుంది. రొయ్యల్ని చంపిన పొడి నారును సాకుతోంది. మట్టిలో అమోనియా ఒక్కసారిగా బయటపడకుండా, కొంచెం కొంచెంగా దిగుతోంది. శామ్యూల్ గారు ఒక మొక్క పీకి వేరు చూపించి, "సార్, గుంట వదిలేద్దాం. మురుగునీళ్లలోని అమోనియాను పొడికి పట్టిద్దాం, పట్టింది పొలానికిద్దాం" అన్నాడు.

ఈసారి మాట పూర్తి చేయనిచ్చాను.

కొలిమి బాగుచేయించుకుని, మిగిలిన రెండు నెలలూ ముగ్గురం ఆ మడుల చుట్టూనే తిరిగాం. గైడు గారు కిటికీ వదిలి నా మొహం చూసింది ఆ గ్రాఫులప్పుడే. డాక్టరేటు వచ్చింది. నారుమడి ఆలోచన ఎక్కడిదని వైవాలో అడిగితే, ఒక తొట్టిలోదని చెప్పాను. ఇప్పుడు మా పిల్లలు ఏటా పెంచలయ్య పొలానికి వెళ్తారు. ఏటా ఆయన వాళ్లకు ఆ తొట్టి చూపిస్తాడు. చూపించవద్దని ఏటా చెబుతాను.

కాబట్టి సకల గుంటల సాక్షిగా, చచ్చిన ఆ రెండు రొయ్యల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నాలుక మీద వేసుకుని ఉప్పు చూడకుండా ఏ నీళ్లలోనూ చిటికెడు పొడి వేయను. శామ్యూల్ గారు మాట్లాడుతుంటే టీ గురించి మాట్లాడను.

మొదటి ప్రమాణం మాత్రం ఆరోగ్యానికి మంచిది కాదు. కోట నుంచి కృష్ణపట్నం దాకా నేను రుచి చూడని కాలువ లేదు. బీపీ డాక్టరు ఉప్పు తగ్గించినారా అని అడిగిన ప్రతిసారీ తల దించుకుంటున్నాను. నీళ్లలో ఉప్పు చూసే సాధనం అరచేతిలో పట్టేంతది ఒకటుంది. పెంచలయ్య చొక్కా జేబులో ఉంది. మా ల్యాబులో లేదు. దానికోసం నాలుగేళ్ల కిందట అర్జీ పెట్టాను. దాని మీద శాఖాధిపతి గారు పచ్చ సిరాతో "చూద్దాం" అని రాసి సంతకం పెట్టారు. గుర్తుచేస్తూ మళ్లీ పెట్టిన మూడు అర్జీల మీదా అదే మాట, అదే సిరా.

అయ్యా, ఈ సంచిక మీ బల్ల మీదికి వస్తుందని నాకు తెలుసు. నాలుగేళ్లుగా మీరు చూస్తున్నారు, నేను నాకుతున్నాను. ఇప్పిస్తారా, ఇప్పించరా? ఈసారి సంతకం వద్దు, జవాబు చెప్పండి.