బెల్టు కొసన రంధ్రం

మా తాత, ఆయన తండ్రి ఖిల్లా ఘణపూర్ దిక్కు ఏడూళ్లకు దొరలు. ఏ విందు బంతిలోనైనా మొదటి విస్తరి వాళ్లదే.

పొట్ట కుదించే ఆపరేషన్ చేయించుకున్న రెండేళ్లకు, గద్వాల బస్సులో నేను చిన్న చిన్న గుక్కలుగా, ఆగి ఆగి బాదంపాలు తాగుతున్నాను. అన్నం పట్టదు కనుక రోజుకు నాలుగైదు సీసాలు తాగేవాణ్ణి.

పక్కన కూర్చున్న లావుపాటి మనిషి సీసా వైపు చూశాడు.

"కడుపు కోసిన్రా పటేలా? నాకు గూడ కోసిన్రు. గిట్లనే తాగి మళ్ల లావైన."

"పాలే కదా," అన్నాను బిగుసుకుని.

"నేను గూడ గట్లనే అన్న."

అంగీ ఎత్తి బెల్టు చూపాడు. చిక్కినప్పుడు బకిల్ వైపు పొడిపించుకున్న ఆరు రంధ్రాలు ఖాళీగా ఉన్నాయి. కొసన మేకుతో పొడిచిన కొత్త రంధ్రం చిరుగుతోంది.

ఆ పొద్దున్నే నేను నా బెల్టును ఒక రంధ్రం వదులు చేశాను.

మా ఇంటికి మిగిలిన ఆఖరి నాలుగెకరాలూ ఆ ఆపరేషన్ కోసమే అమ్మాను.