తల్లివాసం

తొలకరి జల్లు పడిందంటే చాలు, బరంపురంలో మా వరండా నిండా పాత సాలకర్ర వాసన లేస్తుంది. గోడవారన ఇటుకల మీద పడుకోబెట్టిన ఇంటివాసం అది. ఏ కప్పునూ మోయలేదు, ఒక మేకు దెబ్బ కూడా తినలేదు, ఒక పక్కన జేగురు గీత మాత్రం ఇప్పటికీ సన్నగా కనిపిస్తుంది. వచ్చినవాళ్ళంతా దాన్ని కోయించి బల్ల చేయించుకోమని సలహా ఇస్తారు. అలాంటివాళ్ళకి నేను టీ కాస్త పల్చగా పోస్తాను.

మా ఊరు గంజాం దాటి, ఋషికుల్య సముద్రంలో కలిసే మొగకి వెళ్ళే దారిలో, ఒకవైపు ఉప్పుమళ్ళు, ఒకవైపు మొగలిపొదలు, ఎటు చూసినా ఇసుక. నా చిన్నప్పుడు ఒక గాలివానకి మా తాటాకింటి కప్పు ఎగిరిపోతే, పెంకుటిల్లు కట్టుకుందామని నాన్నా, ఆయన తమ్ముడు గురువులు చిన్నాన్నా పూనుకున్నారు. ఇద్దరూ పడవలు బాగుచేసే, కప్పులు వేసే వడ్రంగులు. నాన్న నోరు విప్పితే అది పండగ కింద లెక్క. చిన్నాన్న రంపం లాగుతూ కూడా కబుర్లు ఆపేవాడు కాదు. నాన్నమ్మ పేడతో అలికిన వాకిట్లో నాన్న ముగ్గుపిండితో కప్పు ఆకారాన్ని అసలు కొలతకే గీశాడు, గోడ ఇక్కడ, నడిమి దూలం అక్కడ అని. పిల్లలం ఆ గీత తొక్కకుండా చుట్టూ తిరిగేవాళ్ళం, కోళ్ళకి మాత్రం చెప్పగలిగినవాళ్ళు లేరు. ఆ ముగ్గు మీద ఒక్క వాసాన్ని పరిచి, జేగురు నీళ్ళలో ముంచిన నూలుతాడు ఈ కొన నాన్న, ఆ కొన చిన్నాన్న బిగించి పట్టుకునేవారు. నాన్న తాడుని రెండు వేళ్ళతో పైకి లాగి వదిలితే టప్పుమని చప్పుడు, చెక్క మీద ఎర్రటి గీత. ఆ చప్పుడంటే నాకెంత ఇష్టమో!

అలా గీసి, కోసి, గోడ మీద కూర్చునేచోట గంటు చెక్కి, పైకెత్తి సరిచూసి మళ్ళీ కిందకి దించిన ఆ మొదటిదాన్ని మావాళ్ళు తల్లివాసం అనేవారు. మిగతావన్నీ దాని పక్కన పెట్టి గీసినవే. పిల్లవాసాన్ని చూసి ఇంకో పిల్లవాసం గీయకూడదు; గీత మందమంత తేడా ఒకదాన్నుంచి ఒకదానికి పెరిగిపోయి, ఆఖరికి కప్పు వంకరపోతుంది. అందుకే తల్లివాసం అన్నిటికన్నా చివర పైకెక్కుతుంది. తొలిగీతకి తాడు పట్టిన ఇద్దరే దాని రెండు కొనలూ ఎత్తాలి, అది మావాళ్ళ ఆచారం.

పిల్లవాసాలన్నీ పైకెక్కేసరికి రజొ పండగ వచ్చింది. ఇంటింటా బియ్యప్పిండి పొడొపిఠా కాలుతున్న వాసన, కాళ్ళకి పారాణి, కొత్త దూలానికి కట్టిన ఉయ్యాల మీద నేనూ మా చెల్లీ. భూమికి విశ్రాంతి రోజులు కదా, కత్తీ రంపం ముట్టకూడదని నాన్న పనిముట్లు గోనెసంచిలో చుట్టేశాడు. చేతులు ఊరుకోని చిన్నాన్న స్నేహితుల పడవెక్కి వేటకి బయలుదేరాడు. వెళ్తూ వెళ్తూ మా ఉయ్యాల ఒక్కసారి గట్టిగా ఊపి, తల్లివాసం కేసి చూపించాడు.

"నానొచ్చీదాకా దాన్నెత్తకండి. ఎత్తీసినారంటే మల్లీ దించీత్తాను!"

ఆ పడవ తిరిగి రాలేదు. మగవాళ్ళు తీరం పొడుగునా వెతికారు. మనిషి గాని, చెక్క ముక్క గాని దొరకలేదు. నాన్నమ్మ మాత్రం ఏడవలేదు.

"సముద్రం దేన్నీ దాసుకోదు, ఒడ్డుకి తోసీత్తాది. ఆడ్ని తొయ్యనేదంటే ఆడెక్కడో ఉన్నాడు," అంది.

ఇక తల్లివాసం ఎవరెత్తుతారు? ఎత్తడమంటే చిన్నాన్న రాడని ఒప్పుకోవడమే. కప్పంతా పెంకులు పరిచి, ఆ ఒక్క వాసం మేర సందు వదిలి తాటాకు కప్పారు. గాలి వీచినప్పుడల్లా ఆకు లేచి పడుతుంటే, ఎవరో పైన అడుగులేస్తున్నట్టే ఉండేది. పఖాళ చద్దన్నం గిన్నె ముందు కూర్చున్న నాన్నమ్మ ముద్ద నోటి దగ్గర ఆపి, "ఒచ్చినాడేటి?" అని పైకి చూసేది. ఆమెతోపాటు అందరం చూసేవాళ్ళం. చిన్నాన్న రావాలని నాకెంత ఆశో, ఆ సందులోంచి వస్తాడేమోనని అంత భయం. నాన్న అప్పుడప్పుడూ ఆ వాసాన్ని వంగిపోకుండా తిప్పి పెట్టేవాడు, ఒక్కడే, ముందు ఈ కొన జరిపి, తర్వాత వెళ్ళి ఆ కొన జరిపి.

"పిల్లల పక్కలు తడిసిపోతన్నాయి. ఎన్నాల్లిలాగ?" అని అమ్మ మెల్లగా అనేది. నాన్న తల్లి ముఖం చూసి, తాటాకు సర్దడానికి నిచ్చెన ఎక్కేవాడు.

నేను ఓణీలు వేసుకునే వయసుకి, ఒక వానాకాలం, తుపాను వస్తోందని ఊళ్ళో మైకులో చెప్పారు. నాన్నమ్మ చాలాసేపు ఆ సందుకేసే చూసి, "ఎత్తీండర్రా," అంది. ఒక కొన నాన్న, ఒక కొన అమ్మ పట్టి ఎత్తారు. వాసం పట్టలేదు. ఇన్నేళ్ళ పెంకుల బరువుకి దూలం కుంగి, దాంతోపాటు పిల్లవాసాలన్నీ దిగి సర్దుకున్నాయి. నేలమీదున్న తల్లివాసం ఒక్కటే వెనకటి కొలతలో ఉండిపోయింది. కింద గంటు కూర్చుంటే పైన కొన మిగిలిపోతోంది. దించి, కోద్దామని నాన్న రంపం ఆనించాడు.

నాన్నమ్మ వచ్చి రంపం మీద చెయ్యి వేసింది. "కొయ్యకురా నాయినా. ఆడు తిన్నగానే ఉన్నాడు. మనింటి కప్పే కుంగిపోనాది."

అప్పుడు నాన్న జన్మలో చేయని పని చేశాడు. పక్కనున్న పిల్లవాసాన్ని చూసి కొత్త కర్రకి కొలత పెట్టాడు. తాడు అవతలి కొన పట్టే మనిషి కోసం అలవాటుగా తల ఎత్తితే, నాన్నమ్మ నేలమీద కూలబడి ఆ కొనని బొటనవేలితో అదిమి పట్టుకుని ఉంది. "అట్టుకున్నాను. కొట్టు," అంది. టప్పుమంది. జేగురంటిన ఆ వేలు ఆమె ఆ రోజంతా కడుక్కోలేదు.

సందు మూసుకుపోయాక అడుగుల చప్పుడూ పోయింది. అది పోయాకే నాకు ఆ ఇంట్లో ఎక్కువ భయం వేసేది. నాన్నమ్మ ఉన్నన్నాళ్ళూ గాలి వీస్తే పైకి చూస్తూనే ఉంది, వినడానికి ఏమీ లేకపోయినా.

ఇప్పుడా ఊళ్ళో ముగ్గుపిండితో కప్పు గీసేవాళ్ళు లేరు, జేగురు తాడు లేదు, నాన్న లేడు. మా ఇంటి చోట స్లాబు లేచింది. పిల్లవాసాలన్నీ ఎవరి పొయ్యిలోకో పోయాయి. తల్లివాసాన్ని నేను లారీలో వేయించి తెచ్చుకున్నాను. ఏటా వానల ముందు దాన్ని తిప్పి పెడతాను. అవతలి కొన మా అబ్బాయి పట్టుకుంటాడు.

"ఎందుకమ్మా దీనికింత సేవ?" అని ఈ ఏడూ విసుక్కున్నాడు.

"మీ చిన్నతాతది. వచ్చి అడిగితే వంకరపోయిందని చెప్పమంటావా? గట్టిగా పట్టుకో," అన్నాను.