కొలతల పుస్తకంలో నాలుగో కిటికీ

దెయ్యాల ఊసెత్తితే ముందు నవ్వేది నేనే. మా నాన్న కరీంనగర్‌లో మేస్త్రీ. కంటికి కనిపించింది కాదు, టేపు చూపిందే నిజమని నేర్పాడు. అందుకే ఇది రాయడానికి కాస్త సిగ్గుగా ఉంది.

మా ఊళ్ళ నుంచి పిల్లలు విమానాల నిండా కెనడాకు వస్తున్న రోజులవి. నేను అంటారియోలోని లండన్‌లో బిల్డింగ్ డ్రాయింగ్ డిప్లొమా చదువుతున్నాను. ఊరి బయట ఒక పాత ఎస్టేట్ ఉంది. దాని గేటు పక్కన కాపలాదారు కుటుంబం కోసం కట్టిన చిన్న ఇల్లుంది, గేట్ లాడ్జ్ అంటారు. పసుపు ఇటుక, ఏటవాలు కప్పు, చూరు అంచున చెక్క నగిషీ. కాపలా ఇల్లే ఇంత ముద్దుగా కడితే లోపలి బంగళా ఎలా ఉండేదో అనుకున్నాను. మరమ్మతుకు ముందు దాన్ని కొలిచి గీయడం నా ప్రాజెక్టు. అందులో ఫెయిలైతే ఇంకో టర్మ్ చదవాలి. నా స్టడీ పర్మిట్ అంతవరకు లేదు.

ఒక ఎండ మధ్యాహ్నం ఒక్కదాన్నే వెళ్ళి కొలిచాను. డ్రాయింగ్ చూసి మా మేడమ్, మూడు కిటికీల ఇంటికి నాలుగు గీశావేంటని అడిగింది.

పరుగున వెళ్ళి చూశాను. నేను నాలుగో కిటికీ గీసిన రోడ్డు వైపు గోడ లోపలంతా నున్నటి ప్లాస్టర్. బయట తీగ కమ్మేసి ఉంది. తల కొట్టేసినట్టయింది.

నా రూమ్మేట్ స్వాతిది విజయవాడ. పడీపడీ నవ్వింది. "వాస్తుకి సరి సంఖ్య కావాలని నువ్వే ఒకటి పెట్టేశావే తల్లీ!"

నిజమేననిపించింది. మా నాన్న కిటికీలు బేసి సంఖ్యలో పెట్టనివ్వడు. అలవాటులో గీశానేమో. చెరిపేసి పాసయ్యాను.

కొలతల పుస్తకం మాత్రం దాచుకున్నాను. అందులో ఆ కిటికీ వెడల్పు ఇరవై రెండు అంగుళాలు, నేల నుంచి గట్టు ఎత్తు నలభై ఒకటి. కింద తెలుగులో, "గట్టు మీద పూలకుండీ. ఎడమకి జరిపి కొలిచాను." చేతిరాత నాదే. కుండీ నాకు గుర్తు లేదు. ఆ గోడ దగ్గర రాసుకోవడానికి వెలుతురు బాగుందని మాత్రం గుర్తుంది.

సెలవుల్లో మేడమ్ ఫోన్ చేసింది. మరమ్మతులో ఆ ప్లాస్టర్ ఊడదీస్తే, వెనక ఇటుకలతో మూసేసిన కిటికీ బయటపడిందట. గేటుకొచ్చే బండ్లు కనబడేలా అప్పట్లో పెట్టిన కిటికీ అది. అదే రోజు టేపు పట్టుకుని వెళ్ళాను. ఇరవై రెండు. నలభై ఒకటి.

చెక్క గట్టు మధ్యలో నల్లటి గుండ్రటి మరక ఉంది. దానికి ఎడమగా, అదే సైజులో, లేతగా ఇంకొకటి.

నాన్నకు చెప్పాను. భయపడతాడనుకున్నాను. "టేపు పెట్టకుండ అంకె రాసే పిల్లవు కాదు బిడ్డా నువ్వు. కొలిచే ఉంటవ్," అన్నాడు.

కొలిచే ఉంటాను. ఏం కొలిచానో మాత్రం ఇప్పటికీ తెలియదు.